భజనలో శ్రుతి యెవరిది?

భజనగోష్ఠిలో అపస్వరము పాడువానికి చోటున్నదా లేదా యను ప్రశ్న పైకి సంగీతవిషయమువలె గన్పట్టినను, దాని మూలము భక్తితత్త్వమునందే యున్నది. పలాసకును నౌపడకును నడుమనున్న పూండి ప్రాంతమున, ఉద్దానపు కొబ్బరితోటల మాటున వెలసిన రామమందిరములలో, రాత్రి భోజనములైన పిమ్మట సాగు భజనను చూచినవారి కీ ప్రశ్న తోపక మానదు. జీడిపిక్కలు కొట్టికొట్టి ఆ రసమునకు నల్లబడిన వ్రేళ్లు కంచుతాళములను పట్టును. తాళము నిక్కచ్చిగా పడును, గొంతు మాత్రము శ్రుతికి జానెడు దూరమున నుండును. ఆతనిని పాడవలదనుట న్యాయమా?

శ్రవణము, కీర్తనము అని ప్రహ్లాదుడు భాగవత సప్తమస్కంధమున నవవిధభక్తులలో మొదటి రెంటిని చెప్పినాడు. హరికథలో ఈ రెండును వేర్వేరు జనులకు దక్కును: అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారివంటి (1864–1945) మహామహులు గజ్జెకట్టి పాడుదురు, సభ వినును. భజనలోనన్ననో, ముందుపాటవాడు చరణ మందీయగా విన్నవాడే మరుక్షణమున దానిని పలుకును. కావున ఆతని నోరు మూయించుట ఆతని పూజలో సగమును లాగుకొనుటయే.

నాదోపాసనమున స్వరదోషము దోషము కాదా యని పండితులు పలుకుదురు. అగును, దోషమే. కాని ఘనరాగపంచరత్నములను రచించిన త్యాగరాజస్వామియే (1767–1847) దివ్యనామకీర్తనలను గూడ రచించెను గదా! వానిలో పెక్కింట చరణము లన్నియు నొకే మట్టున నడచుటచే, ఒకదానిని విన్నవాడు తక్కినవానిని తడుముకొనక పాడగలడు. విద్వాంసునికి కచ్చేరియు, ఊరికి భజనయు కావలయునని ఆయన యెఱిగినట్లే యున్నది.

పూండి యున్న యీ శ్రీకాకుళము జిల్లాలోనే గల శ్రీకూర్మమునకు చైతన్యమహాప్రభువు వచ్చినప్పుడు, కుష్ఠురోగపీడితుడైన వాసుదేవు డనువానిని కౌగిలించుకొనెనని చైతన్యచరితామృతము చెప్పుచున్నది. సంకీర్తనమును వీథులకు దెచ్చిన మహాత్ముని ఆచరణ యిట్టిది. మన మొక బొంగురు గొంతును సహింపలేమా?

సహించుట మాత్రమే చాలదు, ఏర్పాటును మార్చుకొనవలెను. మన యుత్తరాంధ్రమున నాటకపద్యపు రుచి మెండగుటచే, గొంతున్న నాయకుడు హార్మోనియమును నాలుగు శ్రుతికి లాగును. రెండవ చరణము ముగియకమునుపే వృద్ధులు పాట మాని చప్పట్లకు దిగుదురు, పిల్లలు కేకలు పెట్టుదురు, నాయకుడొక్కడే మిగులును. దానికి భజన యని పేరు పెట్టుట తగదు. పురుషులు పాడునపుడు ఒకటిన్నరకు దించి, స్త్రీలు పాడునపుడు ఐదింటికి మార్చి, కాలమును తొందరపడి పెంచక, తాళము తప్పువానిని మృదంగము ప్రక్కనే కూర్చుండబెట్టినచో చాలవఱకు చక్కబడును. ఇంతచేసినను శ్రుతి కలియనివా రుందురు. ఉండనిండు! పదిమంది గొంతులలో నొక్కటి తప్పినచో దేవునికి వచ్చు నష్టమేమియు లేదు. ఆ యొక్కడు రేపు రాకపోయినచో గోష్ఠికి నష్టము కలదు.

కష్టమంతయు నాయకుని అహంకారముతోనే. తన కంఠమాధుర్యమును పదుగురి సౌకర్యమునకై తగ్గించుకొనుట ఆతనికి స్వరసాధనముకంటె కఠినమైన సాధనము. వచ్చు ధనుర్మాసమున నగరసంకీర్తనమునకు బయలుదేరు బృందములవా రొక్కనాడైనను శ్రుతిని దించి, వెనుక వరుసలోనివారిచే పల్లవి నెత్తించి చూడవలెనని నా మనవి.