కంటికి కానరాని వర్తకుడు



కొనుట, అమ్ముట అనునవి లోకసంబంధమైన సంగతులనియు, భక్తి జీవితమునకు వాటితో పని లేదనియు మనలో కొందరు తలంచుచుందురు. అయితే మనుష్యుడు దేనిని నమ్మునో, ఎందుకు నమ్మునో నేర్చుకొనుటకు బజారును మించిన బడి లేదు. నేడు అరసవల్లి చుట్టుపట్ల గ్రామములలో సయితము సెల్‌ఫోనులో చీర చూచి కొనుచున్నారు. కొలది దినములకు పార్సెలు గుమ్మములోనికి వచ్చుచున్నది. "ఎంత సుఖము!" అని పడుచువారందురు. "ముఖమెరుగని వానికి సొమ్మిచ్చుట ఏమి తెలివి?" అని పెద్దలందురు. ఈ రెండు మనస్సులు ఎట్లు ఏర్పడుచున్నవి? వీటిలో న్యాయమైనది ఏది? ఈ నెల మనము ఈ సంగతి ఆలోచింతము.

పెద్దల సంశయము మూఢత్వము కాదు. సంతలో బియ్యము కొనువాడు గుప్పెడు తీసి, వాసన చూచి, గింజ కొరికి చూచును. మన జిల్లాలోని పొందూరు ఖద్దరు సంగతి తీసికొనుడి. వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి, చేతితో నూలు వడికి నేసిన ఆ బట్ట నాణ్యము వేళ్లకు తెలిసినట్లు కంటికి తెలియదు. ఫోను అద్దముపై ప్రతి బట్టయు నునుపుగానే యుండును.

అయినను కన్నులతో చూచుట చాలునా? యెహోషువ కాలమున గిబియోనీయులు బూజుపట్టిన రొట్టెలను, చినిగిన తిత్తులను చూపగా, ఇశ్రాయేలు పెద్దలు వాటిని చూచియే మోసపోయిరి. మన సంతలలోను తూకములో మోసము చేయువారు లేకపోలేదు. ఆమోసు ప్రవక్త గద్దించినది ఎదుట నిలిచి అమ్మిన వర్తకులనే గదా!

సరుకు గుణము అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియని చోట ఏమి జరుగును? 1970లో జార్జి అకెర్లాఫ్ అను అమెరికా ఆర్థిక శాస్త్రజ్ఞుడు పాత మోటారు కార్ల బేరమును ఉదాహరణగా తీసికొని దీనిని వివరించెను. మోసమునకు భయపడి కొనువాడు మంచి ధర యియ్యడు. ఆ ధరకు మంచి సరుకు గలవాడు అమ్మలేక తొలగిపోవును. తుదకు చెడ్డ సరుకే బజారులో మిగులును. ఇట్టి పరిశోధనకే 2001లో ఆయనకు, మరి యిద్దరికి కలిపి నోబెల్ బహుమానము వచ్చెను. కాబట్టి మోసము మోసపోయిన వానిని మాత్రమే గాక, నిజాయితీగల వర్తకుని గూడ చెరుపును.

అట్లయిన నమ్మకమునకు ఆధారమేది? అబ్రాహాము మక్పేలా పొలము కొన్నప్పుడు అతడు ఆ దేశములో పరదేశి. అయినను ఊరి గవిని యొద్ద, హేతు కుమారులు వినుచుండగా, 400 తులముల వెండిని తూచి ఎఫ్రోనునకు ఇచ్చెను. ఆ బేరమును నిలిపినది పరిచయము కాదు. సాక్ష్యమును సరియైన తూకమును.

ఈ క్రొత్త అంగడులు మన దేశములో వేళ్లూనుకొన్న విధమును చూచినను ఇదియే కనబడును. పూర్వము మన పెద్దలు తపాలా వారి వి.పి.పి. ద్వారా పుస్తకములు తెప్పించుకొని, పొట్లము చేతికి వచ్చినప్పుడే సొమ్ము కట్టెడివారు. 2007లో బెంగళూరులో పుస్తకముల అమ్మకముతో మొదలైన ఫ్లిప్‌కార్టు, 2010లో ఇట్టి పద్ధతినే 'క్యాష్ ఆన్ డెలివరీ' అను పేర ప్రవేశపెట్టెను. "ముందు వస్తువు, తరువాత సొమ్ము" అనగానే అనేకుల భయము తగ్గెను. నచ్చనిచో తిరిగి తీసికొందుమను మాట మరికొంత ధైర్యమిచ్చెను. ఇక మన తల్లులలో అనేకులు నమ్మునది అంగడిని కాదు. హైదరాబాదులోనో చెన్నపట్నములోనో పని చేయుచు, వారి కొరకు ఆర్డరు పెట్టు కుమారుని.

వీటన్నిటికంటె బలమైనది ఇతరులు వ్రాసిన రివ్యూలును, ఇచ్చిన నక్షత్రములును. అవియే నేటి గవిని యొద్ది సాక్షులు. ఇచ్చటనే మన మనస్సాక్షికి పని కలదు. సొమ్ము పుచ్చుకొని, ఎన్నడును వాడని వస్తువును మెచ్చుచు వ్రాయుట అబద్ధ సాక్ష్యము కాదా? పొరుగువాని మీద కోపముతో అతని సరుకును నిందించుట ఆజ్ఞాతిక్రమము కాదా? వర్తకుడు తానే కొనుగోలుదారునిగా నటించి రివ్యూలు వ్రాయరాదని 2020 నాటి ఈ-కామర్సు నిబంధనలు శాసించుచున్నవి. అధికారులు పట్టుకొనలేని చోట దేవుడు చూచుచున్నాడు.

మరియు కొనువాని పాపము ఒకటి కలదు. సామెతల గ్రంథకర్త, సరుకు బాగులేదని బేరమాడి, పిమ్మట ఇంటికి పోయి అతిశయపడువానిని ఎరిగియుండెను. నేడు పెండ్లికి చొక్కా తొడిగి, మరునాడు "సరిపోలేదు" అని తిప్పిపంపువాడు అతని తమ్ముడే. వేడుకకు ఆర్డరు పెట్టి, పార్సెలు వచ్చినప్పుడు తలుపు తీయనివాడు, ఎండలో వచ్చిన పిల్లవాని శ్రమను దొంగిలించుచున్నాడు. వర్తకుడు కనబడడు గనుక అతడు మనుష్యుడు కాడని తలంచరాదు.

ఆశ సంగతియు చెప్పవలెను. "ఇంక పది నిమిషములే, రెండే మిగిలినవి" అని తొందరపెట్టు అబద్ధపు ప్రకటనలు కలవు. ఇట్టి 13 మోసపు పద్ధతులను కేంద్ర ప్రభుత్వము 2023లో పేర్కొని నిషేధించెను. అయినను మనలో ఆశ లేనిచో ఆ గడియారము మనలను పరుగెత్తింపలేదు. ఒక్క రాత్రి ఆగి, ఉదయమున "ఇది నాకు అవసరమా?" అని అడిగినచో సగము కొనుగోళ్లు తమంతట తామే ఆగిపోవును.

కావున ఈ అంగడులను విడువుమని మేము చెప్పము. గ్రుడ్డిగా నమ్ముమనియు చెప్పము. అమ్మువాని పేరు, చిరునామా చూడుడి. బిల్లు దాచుకొనుడి. ఓ.టి.పి.ని ఫోనులో అడిగినవానికి చెప్పకుడి. అన్యాయము జరిగినచో ఫిర్యాదు చేయుడి. 48 గంటలలో దానిని అందుకొన్నట్లు తెలిపి, నెల లోపల పరిష్కరింపవలెనని నిబంధన కలదు. 1915 అను నంబరునకు ఫోను చేసినను జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము పలుకును. పంట చేతికి రాని నెలలో అరువిచ్చిన మన ఊరి దుకాణదారుని గూడ మరువకుడి. నాలుగు రూపాయల తగ్గింపు కొరకు అతనిని విడుచుటకు ముందు, కష్టదినమున ఏ యాప్ మన గుమ్మము త్రొక్కునో ఆలోచించుడి.

సాక్షులు సత్యము పలికిన చోట పరదేశియు నిర్భయముగా కొనగలడు. అట్టి సాక్షులు కావలెనన్న పిలుపు సంతలోను, ఫోనులోను మనకు ఒక్కటే.