పిల్లల్ని వదిలి వెళ్లం

చదవవలసిన భాగం: నిర్గమకాండము 10:7–11

అప్పటికి ఐగుప్తు మీదికి ఏడు తెగుళ్లు వచ్చి పోయాయి. వడగండ్లకు యవల చేలు, జనుప చేలు పాడైపోయాయి. ఇక మిడతలు వస్తాయని మోషే చెప్పి వెళ్లగానే, ఫరో సేవకులే ఇశ్రాయేలు జనాన్ని పంపించెయ్యమని రాజును బతిమాలారు. ఫరో మోషేను, అహరోనును వెనక్కి రప్పించి, ఆరాధనకు ఎవరెవరు వెళ్తారని అడిగాడు. పసివాళ్లు, ముసలివాళ్లు, కొడుకులు, కూతుళ్లు, మందలతో సహా అందరం వెళ్లాలి, అది యెహోవాకు చేసే పండుగ అన్నాడు మోషే. కుదరదు, మగవాళ్లు మాత్రం వెళ్లండని ఫరో వాళ్లను తన ఎదుట నుంచి గెంటించాడు.

పిల్లలు ఇక్కడే ఉంటే తండ్రులు ఎంత దూరం పోయినా తిరిగి రాక తప్పదు. ఫరో లెక్క అదే అయ్యుంటుంది. మోషే మాత్రం ఆ బేరానికి ఒప్పుకోలేదు. దేశమంతటినీ మిడతలు కప్పేసినా సరే, పిల్లల్ని విడిచిపెట్టి దేవుని సన్నిధికి వెళ్లడానికి ఆయన సిద్ధంగా లేడు.

ఆదివారం ఉదయం మన మందిరాల్లో ఏం జరుగుతోంది? పసివాడు కాస్త గట్టిగా ఏడవగానే అందరి తలలూ అటు తిరుగుతాయి. తల్లి సిగ్గుపడి లేచి, బయట చెప్పుల దగ్గర నిలబడి, బిడ్డను జోకొడుతూ మైకులో వాక్యం వింటుంది. కొందరు తల్లులకు వారాల తరబడి ఆరాధన అంతే. లోపల చాప మీద నాలుగేళ్ల పాప కుదురుగానే కూర్చుని ఉంటుంది, చేతిలో సౌండు తీసేసిన ఫోనుతో. గొడవ లేదని మనం సంతోషిస్తాం. కానీ పాట మొదలైనప్పుడు ఆ పాప తల ఎత్తదు, ప్రార్థనలో చేతులు జోడించదు. మందిరానికి వచ్చింది గానీ ఆరాధనకు రాలేదు.

ఏడుపు ఆగని బిడ్డను కాసేపు బయట తిప్పడం తప్పు కాదు. సండే స్కూలూ కావాలి, అక్కడ నేర్చుకున్న బంగారు వాక్యాలు ముసలితనంలో కూడా నోట ఉంటాయి. అయితే పెద్దలు మోకరించడం, కన్నీళ్లతో ప్రార్థించడం, కలిసి పాడడం పిల్లలు చూడగలిగేది సంఘం మధ్యలోనే. ఏడేళ్లకు ఒకసారి ధర్మశాస్త్రం చదివేటప్పుడు పిల్లల్ని కూడా పోగుచెయ్యమని ద్వితీయోపదేశకాండము 31:12 ఆజ్ఞాపిస్తుంది. అది చిన్న పాఠం కాదు. అర్థం కాదు కదా అని ఎవరినీ ఇంటి దగ్గర ఉంచలేదు.

పిల్లలకు ఆరాధనలో వంతు ఇవ్వడం కష్టమేమీ కాదు. 136వ కీర్తన చూడండి. 26 వచనాలు, ప్రతి వచనం చివరా అదే పల్లవి. చదవడం రాని పిల్లవాడు కూడా రెండు మూడు వచనాలు వినేసరికి అందుకుంటాడు, ఐదో వచనానికి పెద్దల కంటే గట్టిగా అంటాడు. శనివారం రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒకసారి అలా చదివి, మర్నాడు మందిరంలో అదే కీర్తన వచ్చినప్పుడు వాడి ముఖం చూడండి. తనకు తెలిసింది వచ్చిందని మోకాళ్ల మీద లేచి నిలబడతాడు. పరలోక ప్రార్థనా అంతే, ఇంట్లో రోజూ చెప్పించిన బిడ్డకు ఆదివారం నేర్పక్కర్లేదు. కానుక నోటు మీ చేతులతో కాక వాళ్ల చేతులతో సంచిలో వేయించండి. వెనక కూర్చున్న వాళ్లకు వీపులే కనిపిస్తాయి, ముందు వరసలో కూర్చోబెట్టండి. సంఘంలో పెద్దామెలు, ఒడి ఖాళీగా ఉంటే బయట నిలబడిన తల్లి బిడ్డను కాసేపు అందుకోండి.

ఇక ప్రశ్నలు. ప్రభువు బల్ల దగ్గరికి అమ్మ వెళ్తుంటే పిల్లవాడు కొంగు పట్టుకుని “అదేంటమ్మా, నాక్కూడా కావాలి” అంటాడు. ఉష్, మాట్లాడకు అనకండి. పస్కా నియమించినప్పుడే, ఇదేమిటని పిల్లలు అడుగుతారని దేవుడు ముందే చెప్పి, ఇవ్వాల్సిన జవాబు కూడా నేర్పాడు (నిర్గమకాండము 12:26, 27). చెవిలో మెల్లగా “యేసయ్య మన కోసం చనిపోయాడు నాన్నా, అది గుర్తు చేసుకుంటున్నాం” అంటే ఆ పూటకు చాలు. మిగతాది ఇంటికి వెళ్లాక అన్నం తింటూ చెప్పొచ్చు.

యేసు దేవాలయంలో ఉన్నప్పుడు పిల్లలు హోసన్నా అని కేకలు వేశారు. కోపం వచ్చింది ప్రధాన యాజకులకు, శాస్త్రులకు (మత్తయి 21:15). ప్రభువు ఆ పిల్లల పక్షానే మాట్లాడాడు.

ప్రార్థన: తండ్రీ, మా సంఘంలోని పసిపిల్లల కోసం నీకు స్తోత్రం. వాళ్ల సందడికి విసుక్కోని మనసు మాకివ్వు. బయట నిలబడిన తల్లులను లోపలికి పిలిచే ప్రేమ ఇవ్వు. ఈ ఆదివారం మా పక్కన కూర్చునే బిడ్డకు ఒక పాట, ఒక మాట నేర్పడానికి మాకు ఓపిక దయచెయ్యి. యేసు నామంలో వేడుకుంటున్నాం, ఆమేన్.