గుర్రుమనక విడిచిపెట్టుట

ధ్యాన భాగములు: మార్కు 10:17–22; ఫిలిప్పీయులకు 2:5–8



మా యింటికి ఒక కుక్కపిల్లను తెచ్చుకొంటిమి. అప్పటికి అది పుట్టి 2 నెలలైనది. ఒకనాడు పెరటిలో దొరికిన ఎముకను అది కరచుకొని యుండగా తీయబోతిమి. వెంటనే ఒళ్లు బిగించి, ఓరగా చూచి, గుర్రుమనెను. ఇంత పిల్లకు ఇంత పొగరా అని మూతిమీద ఒక దెబ్బ వేసి ఎముకను లాగివేసితిమి. నాలుగైదుసార్లు ఆలాగే జరిగెను. పిమ్మట అది గుర్రుమనుట మానెను. దానికి బుద్ధి వచ్చినదని సంతోషించితిమి. వారము గడవకముందే మా చిన్నవాడు దాని సట్టి దగ్గర చేయి పెట్టగా, గుర్రుమనకుండనే కరచెను.

గాయమును సబ్బుతోను ధారగా పోసిన నీటితోను 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి టీకాలు వేయించితిమి. మీ యిండ్లలోను ఇట్లు జరిగినయెడల పసుపు, కారము పూసి ఊరకుండకుడి, ఈలాగే చేయుడి. కుక్కకును టీకా వేయించుడి.

ఆ సాయంకాలము గొర్రెలు కాచు తాత యొకడు వచ్చి సంగతి విని యిట్లనెను: “అయ్యగారూ, గుర్రుమనడం కుక్క మాట. ‘నాది పోతుందేమో, భయంగా ఉంది’ అని చెప్పుకుంటుంది. మీరు మాటను కొట్టి మాన్పించారు గాని, భయం అట్లాగే ఉంది గదా!”

అతడే మాకు నేర్పెను. కొట్టరాదు, లాగరాదు, వెంటపడి తరుమరాదు. దానికి అంతగా ప్రియము కాని చింకిగుడ్డ నోటనున్నప్పుడు, అంతకంటె ఇష్టమైన ఎముక లేని మాంసపు ముక్కను ముక్కు దగ్గర చూపి “ఇయ్యి” అనవలెను. విడువగానే ముక్కను పెట్టి మెచ్చుకొనవలెను. ఆ గుడ్డను కూడ తిరిగి ఇయ్యవలెను. తినునప్పుడు సట్టిని ముట్టక, దూరమునుండియే మరియొక ముక్క అందులో వేయవలెను. ఒళ్లు బిగించినయెడల వెనుకకు తగ్గవలెను. అది నెమ్మదిగా నున్నకొలది దినదినము కొంచెము దగ్గరకు పోవచ్చును. పసిపిల్లలను మాత్రము దానియొద్ద ఒంటరిగా విడువరాదు. ఈలాగు చేయగా, చేయి వచ్చినదనిన తనది పోవుట కాదు, తనకు మేలు వచ్చుట అని కుక్కపిల్ల తెలిసికొనును.

కొన్ని నెలలకు అది గాదె క్రింద ఎలుకల మందు కలిపిన పిండిముద్దను నోట పట్టెను. మా చేతిలో ఏమియు లేదు. వట్టి చేయి చాపి “ఇయ్యి” అంటిమి. అది మా ముఖము చూచి, ముద్దను నేల విడిచెను. అన్నాళ్లుగా పెట్టిన చేయి గనుక, ఆ దినమున వట్టిదైనను నమ్మెను, బ్రదికెను.

ప్రియులారా, ఇక మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. అంతకు ముందటి కోతపండుగలో ఒక సహోదరుడు ధాన్యపు కానుక విషయమై సణిగెను. మేము పేరు చెప్పలేదు గాని, అందరికి తెలియునట్లు బల్లయొద్ద నిలిచి గద్దించితిమి. ఆయన బస్తా తెచ్చి పెట్టెను, మరి సణుగలేదు. మరుసటి ఆదివారమునుండి గుడికి రానూలేదు. అప్పులవాడు వాకిట కూర్చుండగా ఆయన ఆ బస్తా తెచ్చెనని తరువాత తెలిసెను. మేము సణుగును కొట్టితిమి, భయమును అడుగలేదు. కుక్కపిల్లవలన బుద్ధి తెచ్చుకొని ఆయన యింటికి పోవుచున్నాము. కానుక మాట ఎత్తుట లేదు. ఆయన ఇంకను గుడికి రాలేదు. మొన్న మాత్రము, “అయ్యగారూ, మంచినీళ్లు తాగి వెళ్లండి” అనెను.

మన ప్రభువు ఆ ఆస్తిగలవానియెడల ఎట్లు ప్రవర్తించెనో చూడుడి. ఆయన వానిని చూచి ప్రేమించెను. పరలోకమందలి ధనమును వానికి చూపెను. వాడు దుఃఖపడుచు వెళ్లిపోవుచుండగా, ఆయన వాని చేతినుండి ఏమియు లాగికొనలేదు. తన మహిమనైనను గట్టిగా పట్టుకొనక, తన్ను తానే రిక్తునిగా చేసికొని సిలువవరకు దిగివచ్చినవాడు ఆయనయే. మనలను “ఇమ్ము” అని అడుగు చేయి మొదట ఇచ్చిన చేయి. మేకుల గురుతులున్న చేయి. సణుగుకొనక ఇయ్యవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసినది (2 కొరింథీ 9:7) ఆ చేతిని ఎరిగినవారికే సాధ్యము.

అబ్రాహామునకు ఇస్సాకు తిరిగి దొరికెను. యోబు పోగొట్టుకొనిన బిడ్డలు ఈ లోకమున తిరిగి రాలేదు. మీలో బిడ్డను మట్టికి అప్పగించి వచ్చిన తల్లులున్నారు. అమ్మలారా, ఏడువవద్దని మేము మీతో చెప్పము. కీర్తనల గ్రంథము నిండ మొఱలే గదా! దేవుడు మొఱను కొట్టడు, భయమును ఎరుగును. ఆయన చేయి మీకు వట్టిదిగా కనబడు దినమున, ఇంతకాలము మిమ్మును పోషించిన చేయి అదేయని జ్ఞాపకము చేసికొనుడి.

ఈ మాసమంతయు మన పిడికిలిలో ఏమున్నదో చూచుకొందము. గట్టు తగాదాలో ఒక మూరెడు నేలయా? పాత పగయా? సంఘములో పెద్దరికమా? మన పొరుగువాడు గుర్రుమనినయెడల ముందుగా వాని భయమేమో అడుగుదము.

ప్రభువా, మా పిడికిళ్లను విరువక, నీ ప్రేమచేత విప్పుము. ఆమేన్.