తాళం వేసిన గడప

సంక్రాంతికి కోనసీమ వచ్చిన మనిషిని ఎదురుపడ్డవాళ్ళు రెండు మాటలు అడుగుతారు. "ఎప్పుడొచ్చారండీ?" అన్నది మొదటిది. "ఎన్నాళ్ళుంటారండీ?" అన్నది రెండోది. ఎంత ఆప్యాయంగా అడిగినా ఈ రెండో మాట ఒక సంగతి తేల్చేస్తుంది. అడిగినవాడు ఊరివాడు, జవాబు చెప్పేవాడు చుట్టం. ఆ చుట్టానికి అదే వీధిలో రెండంతస్తుల డాబా ఉండొచ్చు, దస్తావేజు ఆయన పేరునే ఉండొచ్చు. అయినా ఊరు ఆ ప్రశ్న అడగడం మానదు.

ఇల్లు దేనివల్ల మనదవుతుంది? డబ్బు వల్లా, కాగితం వల్లా, పుట్టుక వల్లా?

ఈ ప్రశ్న ఒక్క కోనసీమదే కాదు. స్పెయిన్ దక్షిణాన, నెర్హా సముద్రతీరానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, కొండవాలున ఫ్రిహిలియానా అనే ఊరుంది. సున్నం కొట్టిన తెల్లటి గోడలు, మెట్లుమెట్లుగా పైకెక్కే ఇరుకు సందులు, ఏ కిటికీ తీసినా దూరంగా నీలిసముద్రం. చలిదేశాలవాళ్ళు రిటైరయ్యాక అలాంటి ఊళ్ళలో ఇళ్ళు కొనుక్కుంటారు. 2013లో స్పెయిన్ ఒక చట్టం చేసి, అయిదు లక్షల యూరోలు పెట్టి ఇల్లో పొలమో కొన్న బయటి దేశస్థుడికి నివాస అనుమతి ఇచ్చింది. సొంత ప్రజలకే ఇళ్ళు అందకుండా పోతున్నాయని 2025 ఏప్రిల్ 3న ఆ వెసులుబాటు ఎత్తేసింది. ఫ్రిహిలియానా పాత పేటలో ఒకప్పుడు కాపురమున్నవాళ్ళు ముస్లింలు. తర్వాత వాళ్ళను బలవంతంగా క్రైస్తవంలోకి మార్చారు. 1569లో ఆ కొండ మీద వాళ్ళకూ రాజసైన్యానికీ యుద్ధం జరిగింది. 1609 నుంచి 1614 దాకా మొత్తం స్పెయిన్ నుంచే వాళ్ళను వెళ్ళగొట్టారు. ఆ యుద్ధం కథ ఇవాళ అవే సందుల గోడల మీద పింగాణీ పలకలపై రాసి ఉంటుంది. ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళు ఆ పలకలు చదువుకుంటూ నడుస్తారు.

అంతకు ముందే, 1492లో, ఆ దేశం యూదులను తరిమేసింది. వెళ్ళినవాళ్ళలో కొందరు ఇంటి తాళంచెవులు వెంట తీసుకుపోయారనీ, వాళ్ళ వారసులు తరాల తరబడి వాటిని దాచుకున్నారనీ చెప్పుకుంటారు. 2015లో స్పెయిన్ ఆ వారసులకు పౌరసత్వం ఇస్తూ చట్టం చేసింది. ఇల్లు పోయింది, తలుపు పోయింది, చెవి మిగిలింది. కోనసీమలో దీనికి తిరగబడ్డ దృశ్యం కనిపిస్తుంది. ఇల్లుంది, తలుపుంది, చెవి మాత్రం డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉంది.

కొత్తపేట మండలంలోని పలివెలకు వెళ్తే, ఇల్లు దేనివల్ల మనదవుతుందన్న ప్రశ్నకు ఒక పాత జవాబు దొరుకుతుంది. అక్కడి దేవుడు ఉమా కొప్పులింగేశ్వరుడు. లింగానికి కొప్పున్న శివుడు. స్థలపురాణం ఇది. పూజారి స్వామి పూలదండను తాను మనసుపడ్డ మనిషి సిగలో పెట్టి, మళ్ళీ తెచ్చి గుడిలో వాడాడు. రాజుకిచ్చిన ప్రసాదంలో వెంట్రుక కనబడింది. భయంతో పూజారి, "మా స్వామికి కొప్పుంది మహారాజా" అన్నాడు. చూపించమన్నాడు రాజు. మర్నాడు లింగం మీద కొప్పు నిజంగానే ఉంది. అబద్ధాన్ని దేవుడెందుకు మోశాడని పిల్లలు అడుగుతారు, అడగవలసిన ప్రశ్నే. భక్తులు దానికి దయ అని జవాబు చెబుతారు. మరో జవాబు కూడా ఉంది. ఎంత తప్పుచేసినా ఆ మనిషి రోజూ వచ్చి తలుపు తీసి, దీపం పెట్టి, నైవేద్యం చేసినవాడు. తన ఇల్లు నిలబెట్టినవాడికి ఆ దేవుడు రుణపడ్డాడు. దేవుడి ఇల్లయినా సరే, ధూపదీపాలు ఆగిపోతే మళ్ళీ సంప్రోక్షణ చేయందే పూజకు పనికిరాదని ఆగమం అంటుంది.

ఆ లింగాన్ని ప్రతిష్ఠించినవాడు అగస్త్యుడని అక్కడివాళ్ళ నమ్మకం. అగస్త్యుడిది వలస కథ. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు తెలుగు చేసిన కాశీఖండంలో ఆయన కాశీ వదల్లేక వదిలి, లోపాముద్రతో దక్షిణానికి వస్తాడు. తాను తిరిగొచ్చేదాకా తల ఎత్తొద్దని వింధ్యపర్వతానికి చెప్పి వచ్చాడు, మళ్ళీ వెళ్ళలేదు. కాశీని తలచుకుని కుమిలిపోయిన మనిషి, చేరిన చోటల్లా ఒక లింగం నిలిపి, నీళ్ళు పోసి, అక్కడివాడైపోయాడు. ఆయన పేరుతో దక్షిణాన ఎన్ని గుళ్ళున్నాయో లెక్కే లేదు.

దేవుడి ఇల్లే కాదు, మనిషి ఇల్లూ రోజువారీ పనితోనే నిలుస్తుంది. గృహస్థధర్మం ఇల్లాళ్ళు వాడే సామాన్ల దగ్గర మొదలవుతుంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ: ఈ అయిదింటి దగ్గరా తెలియకుండా రోజూ ప్రాణులు చస్తాయని మనుస్మృతి చెబుతుంది. ఇల్లు నడపడమంటేనే హింస చేయడం. దానికి పరిహారంగా రోజూ అయిదు యజ్ఞాలు చెప్పారు: చదువుకు, పితృదేవతలకు, దేవతలకు, భూతకోటికి, అతిథికి. కాకికీ కుక్కకీ పెట్టే ముద్ద కూడా అందులోదే. వాస్తుపురుషుడి కథా ఇలాగే ఉంటుంది. అంధకుడితో యుద్ధంలో శివుడి చెమటబొట్టు నుంచి పుట్టిన ఆకలిగొన్న భూతాన్ని దేవతలు నేలకు అదిమి పైన కూర్చున్నారని మత్స్యపురాణం. ప్రతి ఇంటి కిందా ఆకలితో ఉన్నవాడొకడు పడుకుని ఉన్నాడన్నమాట. గృహప్రవేశంనాడు వాడికి బలి ఇస్తారు, ఆవును ముందు నడిపిస్తారు, పాలు పొంగిస్తారు. మర్నాడే తాళం వేసి విమానం ఎక్కితే ఆ పాలు ఎవరికోసం పొంగినట్టు?

దీనికి ఎదురు వాదం కూడా మన గ్రంథాల్లోనే ఉంది, అదీ గట్టిదే. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత తన ఇరవైనలుగురు గురువుల్లో పామును చెబుతాడు. అది ఇల్లు కట్టుకోదు, ఎవరో కట్టిన పుట్టలో సుఖంగా ఉంటుంది. గూటి మీద మమకారంతో పిల్లలతో పాటు వలలో పడిన పావురం ఆయనకు మరో గురువు. గీత పన్నెండో అధ్యాయం ఇల్లే లేనివాణ్ణి ప్రియభక్తుడంటుంది. ఇల్లు వదలగలిగినవాడికి నమస్కారం. కానీ తాళం వేసిన ఇల్లు వదిలినవాడిది కూడా కాదు. మమకారం అలాగే ఉంటుంది, యజ్ఞం మాత్రం ఆగిపోతుంది. సన్న్యాసికీ గృహస్థుకీ నడుమ అది ఎవరి ఆశ్రమం?

కాగితం సంగతీ చూడాలి. పాత దస్తావేజులు అష్టభోగాలు, దానవిక్రయాది సర్వహక్కులు అని గంభీరంగా మొదలుపెట్టి, చివరికి చెక్కుబందీ దగ్గర తేలిపోతాయి. తూర్పు ఫలానావారి కొబ్బరితోట, దక్షిణం పంచాయతీ రోడ్డు, పడమర ఫలానావారి దొడ్డి. నా ఇల్లేదో చెప్పాలంటే చుట్టూ ఉన్నవాళ్ళ పేర్లు కావాలి. చట్టంలోనూ ఒక విశేషముంది. ప్రవాస భారతీయుడు ఇక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు, పొలంగానీ కొబ్బరితోటగానీ కొనకూడదు. తండ్రి నుంచి సంక్రమిస్తే మాత్రం ఉంచుకోవచ్చు. ఆ నిబంధన ఏ కారణంతో పెట్టినా, డబ్బుకు లొంగని నేలను వారసత్వానికి వదిలింది.

ఇక్కడ ఒక తీర్పు తొందరపడి ఇవ్వకూడదు. రాజోలు, అమలాపురం వైపు ఎన్నో డాబాలు కువైట్ వంటిళ్ళలో కరిగిన ఆడవాళ్ళ కష్టంతో లేచినవి. పరాయి పొయ్యి దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి, తన ఇంట్లో పట్టుమని పది నెలలు నిద్రపోని తల్లి కట్టిన ఇల్లది. ఆమె పంపిన డబ్బుతోనే ఆ ఇంట పొయ్యి వెలుగుతోంది, పిల్లలు చదువుతున్నారు. ఆమె ఊళ్ళో లేకపోయినా గృహస్థధర్మం తప్పలేదు. తప్పు దూరంలో లేదు.

ఇల్లు వదిలి వెళ్ళడం దేవుళ్ళకూ ఉంది. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ రుద్రులు ఎత్తుగా అలంకరించిన ప్రభల మీద తరలివస్తారు. గంగలకుర్రు ప్రభలను కౌశిక కాలువలోకి దించి, మనుషులు భుజాల మీద మోస్తూ దాటిస్తారు. ఆ ఒక్కరోజు దేవుళ్ళు కూడా ఇళ్ళు వదిలి పొరుగువాళ్ళను చూడటానికి వస్తారు, తిరిగి ఇళ్ళకు చేరతారు.

పూర్వం మండువా లోగిళ్ళకు వీధివైపు అరుగు ఉండేది. దారినపోయేవాడు అడగకుండా కూర్చునేవాడు, అలసిపోతే పడుకునేవాడు. అతిథియజ్ఞాన్ని సున్నంతో, ఇటుకతో కట్టుకున్నారు ఆనాటివాళ్ళు. కొత్త డాబాలకు ప్రహరీ ఉంది, గేటు ఉంది, కెమెరా ఉంది. అరుగు లేదు.

కనుమ దాటి సూట్‌కేసులు సర్దుకునేవాళ్ళకు ఒక విన్నపం. ఊరి బడికి కొత్తగా వచ్చిన పంతులుగారికో, ఆసుపత్రి నర్సమ్మకో, వరదలో గుడిసె కోల్పోయిన కుటుంబానికో ఒక గది ఇవ్వండి. అరుగు లేకపోతే గేటు బయట నాలుగడుగుల గట్టయినా కట్టించండి. వెళ్ళేముందు తాళంచెవిని, ఆ ఇంట్లో రోజూ పొయ్యి వెలిగించే మనిషి చేతిలో పెట్టి వెళ్ళండి.