ఒంటిస్తంభపు మేడ

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, ప్రచ్ఛన్నయుద్ధం నాడు అణుక్షిపణి కోసం తవ్విన గొయ్యి ఒకటుంది. ఒక వ్యాపారి దాన్ని కొని, భూమిలోపల 15 అంతస్తులు దించి ఫ్లాట్లుగా అమ్మాడు. అంతస్తు మొత్తం కావాలంటే 30 లక్షల డాలర్లు అడిగేవాడు. లోకం కూలినా లోపల ఈతకొలను, సినిమాహాలు ఉంటాయి.

ఇలాంటి ఏర్పాట్లలో ఉన్న ధనికులు అయిదుగురు డగ్లస్ రష్కాఫ్ అనే రచయితను పిలిపించుకున్నారు. బంకరు దాదాపు పూర్తయిన ఒకాయన అడిగిందేమిటంటే, అంతా కూలిపోయాక నా గన్‌మెన్ నా మాట వినేదెలా అని. తిండి దాచిన గది తాళం నంబరు తమకు మాత్రమే తెలిసేలా చూసుకుందామనీ, కాపలావాళ్ల మెడలకు పట్టీలు వేద్దామనీ ఆలోచించారట. 2022లో వచ్చిన రష్కాఫ్ పుస్తకంలో ఇదంతా ఉంది.

నేను దివిసీమలో బ్యాంకు క్యాషియరుగా చేసి రిటైరయ్యాను. స్ట్రాంగ్‌రూముకు రెండు తాళంచెవులు. ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి నా దగ్గర. మా ఇద్దరిలో ఏ ఒక్కరినీ నమ్మని ఏర్పాటది. బయట స్టూలు మీద తుపాకీతో కూర్చున్న మాజీ సైనికుణ్ణి మాత్రం అందరం నమ్మేవాళ్లం. ఆయన జీతమెంతని? మిలిటరీ పింఛను, బడికెళ్లే పిల్లలు, పోలీస్ స్టేషను, ఊళ్లో పేరు, ఇవన్నీ కలిసి ఆ తుపాకీని మావైపు తిరగనివ్వలేదు. ఇవన్నీ పోతాయని లెక్కవేసిన బంకరు యజమాని, కాపలావాడి విశ్వాసం ఒక్కటీ మిగలాలంటున్నాడు.

ఈ చిక్కు భారతానికి తెలుసు. ఏడు రోజుల్లో పాములరాజు తక్షకుడి కాటుకు చస్తావన్న శాపం విని, ఆదిపర్వంలో పరీక్షిత్తు మహారాజు ఒంటిస్తంభపు మేడ ఎక్కి చుట్టూ వైద్యులనూ మంత్రవేత్తలనూ పెట్టుకున్నాడు. విషం విరిచే విద్యగల కాశ్యపుడు రాజిచ్చే ధనం కోసం బయల్దేరాడు. తక్షకుడు దారిలో అంతకన్నా ఎక్కువిచ్చి వెనక్కి పంపాడు. రాజు ఆయువు తీరిందని కాశ్యపుడు దివ్యదృష్టితో గ్రహించాడనీ ఉంది. అయినా సొమ్ము పుచ్చుకునే వెళ్లాడు. తక్షకుడు పండులో పురుగై మేడెక్కాడు.

భాగవతంలో అదే రాజు రాజ్యం కొడుక్కి అప్పగించి గంగ ఒడ్డున కూర్చుంటాడు. అక్కడ గోడ లేదు కనుకే దిగంబరుడైన శుకుడు నేరుగా రాగలిగాడు. చావబోయేవాడు చేయవలసిందేమిటని రాజు ఆయన్ని అడుగుతాడు. రెండు కథల్లోనూ చావు తప్పలేదు.

అలాగని ముందుజాగ్రత్త వద్దంటే నేనొప్పుకోను. 1977 నవంబరు ఉప్పెన మా సీమలో వేలమందిని మింగింది. ఆ తర్వాత తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు. గాలి మొదలైతే ఊరందరికీ చోటు అక్కడే. డబ్బిచ్చి ఎవరూ ముందుగా రాయించుకోరు.

గండం ముందే తెలియడం ఒకరకంగా వరం. భాగవతంలోని పరీక్షిత్తులా అడిగినవాడు ఆ గడువులో ఎవరికి ఇవ్వాల్సింది వాళ్లకు ఇచ్చేస్తాడు. తలుపు బిగించుకున్నవాడికి గడువంతా కాపలావాణ్ణి అనుమానించడంతోనే సరిపోతుంది.