అస్త్రోపసంహారం: ఉగ్రవాదంపై పోరాటం – ఒక నైతిక విచారణ

ప్రస్తావన

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో న్యాయంతో ముడిపడిన రెండు ప్రదేశాలు ఉన్నాయి. ఒకటి శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. రెండవది చర్లపల్లి కేంద్ర కారాగారం. నేరం రుజువయ్యేవరకు నిందితుడు నిర్దోషి అన్న సూత్రాన్ని మొదటిచోట పాఠంగా చెబుతారు. రెండవచోట ఆ సూత్రం పరీక్షకు నిలిచింది. 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో 2016 డిసెంబరులోనూ, 2007 ఆగస్టు 25 నాటి లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ల కేసులో 2018 సెప్టెంబరులోనూ తీర్పులు ఆ కారాగార ప్రాంగణంలోని న్యాయస్థానంలోనే వెలువడ్డాయి. 2007 ఆగస్టు నాటి జంట పేలుళ్లలో 40 మందికి పైగా మరణించారు. వారి కుటుంబాలు తీర్పు కోసం 11 ఏళ్లు ఎదురుచూశాయి.

ఉగ్రవాదాన్ని ఎదుర్కోవాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. చాట్ తినడానికి వెళ్లిన మనిషి ఇంటికి తిరిగి రాని నగరంలో ఆ ప్రశ్నకు తావు లేదు. ఎదుర్కొనే ఆయుధానికి ధర్మబద్ధత ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. ఆంధ్ర మహాభారతంలోని రెండు ఘట్టాల వెలుగులో, హైదరాబాదు అనుభవం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

సౌప్తికం: ప్రయోగం, ఉపసంహారం

నిద్రిస్తున్నవారిని, ఆయుధం పట్టనివారిని వధించడం ద్వారా శత్రువును కుంగదీయడమే ఉగ్రవాద లక్షణమైతే, సౌప్తికపర్వంలోని అశ్వత్థామ రాత్రివధ దానికి ప్రాచీన రూపం. తిక్కన తెలుగు చేసిన ఈ పర్వంలో వధ ఎంత ముఖ్యమో, తదనంతర ఘట్టమూ అంతే ముఖ్యం. పాండవులు వెంబడించి వచ్చినప్పుడు అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగిస్తాడు. దానిని శాంతింపజేయడానికి అర్జునుడూ అదే అస్త్రాన్ని సంధిస్తాడు. లోకం దగ్ధమవుతుందని వ్యాస నారదులు నడుమ నిలుస్తారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కి తీసుకుంటాడు. అశ్వత్థామకు అది చేతకాదు. మరలింపలేని ఆ అస్త్రం చివరకు ఉత్తర గర్భంలోని శిశువు మీదికి పోతుంది.

ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే అస్త్రం, ఇద్దరి గురువూ ఒక్కడే. ఇద్దరి మధ్య భేదం ఉపసంహార సామర్థ్యంలో ఉంది. నియమవంతుడు కానివాడు ఈ అస్త్రాన్ని మరలించబోతే అది అతని తలనే తెగవేస్తుందని ఆ కథ హెచ్చరిస్తుంది. అంటే ఉపసంహారం ప్రయోగానంతరం నేర్చుకునే విద్య కాదు, ప్రయోగానికి ముందే ఉండవలసిన అర్హత. మరొక సంగతి కూడా గమనించదగినది. అశ్వత్థామకు తండ్రిని అధర్మంగా చంపారన్న న్యాయమైన దుఃఖం ఉంది. దుఃఖం న్యాయమైనదైనంత మాత్రాన దానినుంచి పుట్టిన ప్రయోగం న్యాయమైనది కాబోదు. ఈ మాట ఉగ్రవాదికి ఎంత వర్తిస్తుందో, గాయపడిన రాజ్యానికీ అంతే వర్తిస్తుంది.

గడువు ఉన్న చట్టం, గడువు లేని చట్టం

మన ఉగ్రవాద వ్యతిరేక చట్టాల చరిత్రను ఈ ప్రమాణంతో చదవవచ్చు. 1985లో వచ్చిన టాడాకు కాలపరిమితి ఉండేది. తీవ్రమైన విమర్శల నడుమ 1995లో అది గడువు తీరి ముగిసింది. 2002 నాటి పోటా 2004లో రద్దయింది. అయితే అదే ఏడాది ఉగ్రవాద చర్యలకు సంబంధించిన నిబంధనలు 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టంలో చేరాయి. ఈసారి వాటికి కాలపరిమితి లేదు. 2008 ముంబయి దాడుల తర్వాత ఆ చట్టం మరింత కఠినమైంది. అభియోగం పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు నిరాకరించే 43డి(5) సెక్షన్ అప్పుడే వచ్చింది. 2019 సవరణతో సంస్థలనే కాక వ్యక్తులను సైతం విచారణకు ముందే ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి దక్కింది.

అంతర్జాతీయంగానూ పరిస్థితి ఇలాగే ఉంది. 2001 సెప్టెంబరు 28న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1373వ తీర్మానంతో సభ్యదేశాలన్నింటికీ ఉగ్రవాద నిరోధాన్ని విధిగా చేసింది. కానీ ఉగ్రవాదమంటే ఏమిటో అందరూ అంగీకరించిన నిర్వచనం లేదు. 1996లో భారతదేశం ప్రతిపాదించిన సమగ్ర ఒడంబడిక నేటికీ ఆమోదం పొందలేదు. లక్ష్యానికి హద్దులు గీయకుండానే అస్త్రాన్ని సంధించడం జరిగిందన్నమాట.

ఆణి: లోపల మిగిలిన మొన

రెండవ ఘట్టం నన్నయ ఆదిపర్వంలోని మాండవ్యుని కథ. దొంగలు రాజధనాన్ని తెచ్చి ముని ఆశ్రమంలో దాక్కుంటారు. మౌనవ్రతంలో ఉన్న ముని రాజభటులకు బదులు చెప్పడు. సొమ్ము దొరికింది కనుక మునీ దొంగే అన్న నిశ్చయంతో అతనిని కొరత వేస్తారు. తర్వాత రాజు తప్పు తెలుసుకొని క్షమాపణ వేడుకుంటాడు. కానీ శూలం పూర్తిగా ఊడిరాదు. మొన లోపలే ఉండిపోతుంది. ముని ఆణిమాండవ్యుడై లోకంలో తిరుగుతాడు. రాజు క్షమాపణలో కపటం లేదు. అయినా అది శూలాన్ని బయటకు తీయలేకపోయింది.

2007 మే 18న శుక్రవారం ప్రార్థనల వేళ మక్కా మసీదులో జరిగిన పేలుడులో 9 మంది, అనంతర పోలీసు కాల్పుల్లో 5 మంది మరణించారు. ఆ తర్వాత నగరంలోని అనేకమంది ముస్లిం యువకులను అదుపులోకి తీసుకున్నారు. వారిపై పెట్టిన కేసులు న్యాయస్థానంలో నిలవలేదు. దర్యాప్తు దిశ మారి, వేరొక బృందంపై అభియోగాలు నమోదయ్యాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్దోషులుగా తేలిన యువకులకు పరిహారం, సత్ప్రవర్తన పత్రాలు ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టివేసింది. నిర్దోషిగా విడుదల కావడం ఒక్కటే పరిహారానికి హక్కు కాదన్నది దాని సారాంశం. 2018 ఏప్రిల్ 16న ఈ కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది.

భద్రతకూ హక్కులకూ మధ్య ఒక త్రాసు ఉన్నదనీ, ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుందనీ సాధారణంగా వాదిస్తారు. మక్కా మసీదు ఉదంతం ఈ వాదాన్ని నిలవనీయదు. ఇక్కడ నిందితుల హక్కులు పోయాయి, మృతుల కుటుంబాలకు న్యాయమూ దక్కలేదు. నిరపరాధి మీద పడిన అనుమానం అసలు నేరస్థుడికి దొరికిన వ్యవధి. మాండవ్యుని కథలో దొంగలు కనీసం పట్టుబడ్డారు. కనుక నిరపరాధిని కాపాడడం బాధితుడికి వ్యతిరేకంగా చేసే పని కాదు, బాధితుడి పక్షాన చేయవలసిన పనే.

రాబోయే దిశ

ఉగ్రవాద నిరోధం ఇకపై జరిగిన నేరం నుంచి జరగబోయే నేరం వైపు, సాక్ష్యం నుంచి అంచనా వైపు కదులుతోంది. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల తర్వాత వచ్చిన 2013 నాటి ప్రజాభద్రతా చట్టం జనం గుమిగూడే సంస్థల్లో సీసీ కెమెరాలను తప్పనిసరి చేసింది. ముఖాలను గుర్తించే సాంకేతికత తెలంగాణ పోలీసుల వాడుకలోకి వచ్చింది. మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల పారిశ్రామికవాడల్లో పనికి వచ్చిన పొరుగు రాష్ట్రాల కార్మికుడికి ఈ మార్పు తత్త్వచర్చ కాదు. అద్దె గది కోసం ఇచ్చే ఆధార్ నకలు, బస్తీలో కార్డన్ సెర్చ్ జరిగితే తలుపు తీసి చూపవలసిన కాగితాలు అతనికి నిత్యానుభవం. మౌనముని లాగే అతనికీ అక్కడి భాషలో బదులు చెప్పుకొనే వీలు తక్కువ.

ప్రజల విరాళాలతో కెమెరాలు అమర్చే పోలీసు పథకానికి ‘నేను సైతం’ అని పేరు పెట్టారు. శ్రీశ్రీ ‘జయభేరి’ వల్ల తెలుగువారి నాలుకకెక్కిన మాట అది. ఆ కవితలో వక్త సమర్పించేది తననే. కెమెరాకు చందా ఇచ్చినవాడు సమర్పించేది తన వీధిలో నడిచే ఇతరుల కదలికలను. కెమెరాలు నేరపరిశోధనకు తోడ్పడుతున్న మాట నిజమే. అయినా త్యాగవాచకం నిఘావాచకంగా మారిన ఈ అర్థపరిణామాన్ని తెలుగు పరిశోధకులు గమనించకుండా ఉండలేరు.

రుజువు దొరికేదాకా ఆగితే బాంబు పేలదా అన్న ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చడానికి వీలులేదు. అనుమానంతో పరిశోధించడం రాజ్యధర్మమే. కానీ అనుమానంతో చేసే పనులన్నీ ఒక్కటి కావు. ఒక వ్యక్తిని ప్రశ్నించి పంపవచ్చు. కొంతకాలం గమనించి, ఏమీ లేదని తేలితే ఆ సమాచారాన్ని తుడిచివేయవచ్చు. ఇవి చాలావరకు మరలింపదగినవి. ఏళ్ల తరబడి నిర్బంధం, విచారణకు ముందే ఉగ్రవాది అన్న ముద్ర మరలింపదగినవి కావు. మరణశిక్ష అసలే కాదు. చర్య ఎంత మరలింపరానిదైతే దానికి ముందు కావలసిన రుజువు అంత బలంగా ఉండాలి. ఉపసంహార కథ నుంచి తీయగల నైతిక సూత్రం ఇది.

ముగింపు

ఈ సూత్రం నుంచి మూడు అంశాలు సిద్ధిస్తాయి. ఒకటి, ప్రతి అసాధారణ చట్టానికీ కాలపరిమితి, సమీక్ష పుట్టుకతోనే ఉండాలి. రెండు, యంత్రం సూచించిన అనుమానానికి మనిషి కారణం చెప్పగలిగి ఉండాలి. మూడు, నిర్దోషిగా తేలినవారికి పరిహారం ప్రభుత్వ దయ కాక చట్టం గుర్తించిన హక్కు కావాలి.

మాండవ్యుడు తనకు జరిగిన అన్యాయానికి కారణం అడగడానికి యమధర్మరాజు దగ్గరకే వెళ్లాడు. బాల్యంలో తూనీగలను హింసించిన పాపమని యముడు చెప్పగా, ఆ శిక్ష నేరానికి మించినదని శపించాడు. ధర్మదేవత శూద్రయోనిలో విదురుడై పుట్టవలసివచ్చింది. శిక్షించే ధర్మం కూడా సంజాయిషీకి అతీతం కాదని మన మొదటి కావ్యమే చెప్పింది. ఉగ్రవాదంపై పోరాటం రేపు ఏ రూపం తీసుకున్నా, శూలం మొన లోపల మోస్తున్న మనిషి వచ్చి ‘ఎందుకు?’ అని అడిగినప్పుడు రాజ్యం బదులు చెప్పవలసే ఉంటుంది.