దృశ్యము - దర్శనము

కంటికి ఇంపైనదానిని చూచి ఆనందించుట మానవ సహజము. చూచినదానిని తనయొద్ద నిలుపుకొనవలెనని కోరుటయు సహజమే. అయితే ఈ రెండవ కోరిక మొదటి ఆనందమును పెంచునా, హరించునా అనునది విచారింపదగిన ప్రశ్న. నేడు ఇంచుమించు ప్రతి యాత్రికుని చేతిలోను కెమెరా గల సెల్ ఫోను ఉండుటచే ఇది అందరికిని సంబంధించిన ప్రశ్నయే.

తిరుపతికి పడమట సుమారు 12 కిలోమీటర్ల దూరమున శ్రీనివాసమంగాపురము కలదు. వివాహానంతరము శ్రీనివాసుడు పద్మావతీదేవితో కూడి, కొండ నెక్కుటకు ముందు ఆరు మాసములు ఈ ప్రాంతమున నివసించెనని ఐతిహ్యము. సాయంసమయమున ఆ పొలిమేరలలో నడచువానికి శేషాచల పంక్తియు, పచ్చని పొలములును, ఇంటిదారి పట్టిన పశువులును కనిపించును. అస్తమించు సూర్యుని కిరణములు వాయుమండలమున ఎక్కువ దూరము పయనించుటచే నీలివన్నె చెదరిపోయి, ఎరుపు, పసుపు వన్నెలే కంటిని చేరును. ఆ వెలుగు కొద్ది నిమిషములే నిలుచును. ఆ తొందరలో యాత్రికుడు కెమెరా నెత్తును. వెలుగు చాలలేదని ఒకటి, చెట్టు అడ్డము వచ్చినదని మరియొకటి, ఇట్లు పది బొమ్మలు తీయును. తలయెత్తి చూచుసరికి చీకటి పడును. బొమ్మలు మిగులును, సంధ్య జారిపోవును.

ఇందలి దోషము యంత్రమునది కాదు. 'ఇది నాది కావలె'నను మమకారమునది. తిరుమలలో స్వామి సన్నిధిని శ్రీ భగవద్రామానుజులు (1017-1137) వేదార్థసంగ్రహము నుపన్యసించిరని సంప్రదాయము. చేతనాచేతనములతో కూడిన జగమంతయు పరమాత్మకు శరీరమని వారి సిద్ధాంతము. తిరువాయ్‌మొళి నాలుగవ పత్తులో నమ్మాళ్వారులు చిత్రించిన నాయికకు విరహమున నేలయు, నింగియు, కడలియు స్వామి సంబంధమునే స్ఫురింపజేసినవి. ఆమె దేనిని దాచుకొనలేదు. ప్రతిదానియందును ఆతనిని గుర్తించినది.

పొలములో నడుము వంచి నాట్లు వేయు స్త్రీయు ఆ భగవచ్ఛరీరములోని చేతనమే. ఆమె శ్రమ చూపరికి సుందర దృశ్యము, ఆమెకు దినకూలి. అడుగక ఆమె రూపమును తీసికొనిపోవుట ఆమెను చెట్టుతో, గట్టుతో సమానముగా చూచుటయే యగును. ముందుగా పలుకరించి సమ్మతి నడుగుట, ఆమె వలదన్నచో కెమెరాను దించుట భాగవతులకు తగిన నడవడి.

అట్లయిన బొమ్మలే తీయరాదా? అట్లనరాదు. కొండ నెక్కలేని వృద్ధమాత, కుమారుడు చూపిన శేషాచలపు బొమ్మకు చేతులు జోడించును. ఆ బొమ్మ సార్థకమే. వండిన అన్నము ముందుగా స్వామికి నివేదింపబడి ప్రసాదమగును. అట్లే ముందు కన్నులార చూచి, ఇది స్వామిదని తలచి నమస్కరించి, పిదప తీసిన బొమ్మ పదుగురికి పంచదగిన ప్రసాదము. వరుస తప్పినచో అది వట్టి కూడబెట్టుట.

తిరుమల ఆలయములోనికి కెమెరాలు, సెల్ ఫోనులు అనుమతింపబడవు. స్వామి యెదుట భక్తునకు దక్కునవి కొద్ది క్షణములే. అయినను ఇల్లు చేరిన పిదప గూడ ఆ దివ్యమంగళ విగ్రహము మనసున నిలిచియుండును. చేతులు ఖాళీగా నున్నందుననే అవి జోడింపబడినవి. పొలము గట్టున నిలిచి సంధ్యను చూచువాడును ముందుగా చేతులు జోడించుట మేలు.